నీలం కోటు ముందు వచ్చిన రోజు

అది 2022 వానాకాలం. దక్షిణ కోల్‌కతాలో ఒక పరిశోధన సంస్థ, మూడో అంతస్తు, వరండా చివరి గది. ప్రోటీన్లు తయారు చేసే విభాగంలో నేను సైంటిస్టుని. ఇన్నేళ్ల ఉద్యోగంలో చెప్పుకోదగ్గ విజయాలు నాకూ కొన్ని ఉన్నాయి. ఎవరైనా అడిగితే వాటి గురించి హుషారుగానే చెబుతాను. కానీ పనిలో మరిచిపోలేని సంగతి ఏదంటే మాత్రం నాకు ముందు గుర్తొచ్చేది ఇది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. అయినా చెప్పి తీరాలనిపించి రాస్తున్నాను.

ముందు మా పనేమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. డెంగీ ఉందో లేదో చూసే టెస్ట్ కిట్టులో ఒక ప్రోటీన్ కావాలి. దాన్ని రసాయనాలు కలిపి చేయలేం. బతికున్న కణం చేతే చేయించాలి. అందుకు మేము వాడేది పురుగు కణాలు. మాది మహబూబాబాద్ దగ్గర పల్లె, మక్కచేన్ల ఊరు. కత్తెర పురుగు పేరెత్తితే మా నాన్న ఇప్పటికీ పళ్లు కొరుకుతాడు. ఆ పురుగు అండాశయం నుంచి ఎప్పుడో ఎవరో తీసి పెంచుకుంటూ వచ్చిన కణాలనే మేము ఎస్‌ఎఫ్-9 అంటాం. నాన్న మందు కొట్టి చంపే పురుగుని నేను జీతం తీసుకుని పెంచుతున్నానని ఇంట్లో అందరూ ఏడిపించేవాళ్లు.

రెండోది బాక్యులోవైరస్. పురుగులకు సోకే వైరస్ ఇది, మనుషుల జోలికి రాదు. దాని లోపల మనకు కావలసిన ప్రోటీన్ తాలూకు జన్యువు పెట్టి, ఆరోగ్యంగా ఉన్న కణాల ఫ్లాస్కులో వేస్తే, ఆ కణాలు తమ పని మానేసి రెండు మూడు రోజులు మన ప్రోటీన్‌ని తయారు చేసి, ఆ తర్వాత చచ్చిపోతాయి. కాబట్టి మా ల్యాబులో రెండు రకాల ఫ్లాస్కులు ఎప్పుడూ ఉంటాయి. వైరస్ వేసినవి, వేయనివి. వేయని వాటిలోకి పొరపాటున ఒక్క చుక్క పడినా అంతే సంగతులు. కణాలు పెరగడం ఆగిపోతుంది, ఉబ్బుతాయి, వారం పది రోజుల్లో ఫ్లాస్కు మొత్తం పోతుంది.

ఆ చుక్క పడకుండా ఉండడానికే మా తిప్పలన్నీ. పని చేసేది హుడ్ అనే గాజు పెట్టె ముందు కూర్చుని. అందులో శుభ్రమైన గాలి ఆడుతూ ఉంటుంది. మాకు రెండు హుడ్లు ఉండేవి, ఒకటి మంచి కణాలకి, ఒకటి వైరస్‌కి. ఆ జూన్‌లో ఒకటి చెడిపోయింది. రిపేరు మనిషి వస్తాడు, వస్తున్నాడు, వచ్చేశాడు అంటూనే నెల గడిచింది. ఉన్న ఒక్క హుడ్‌నే పంచుకోవాలి కనక మా ల్యాబు పెద్ద అయిన సర్ ఒక పద్ధతి పెట్టారు. పొద్దున మంచి కణాల పని, తెల్లకోటు వేసుకుని. మధ్యాహ్నం వైరస్ పని, నీలం కోటు వేసుకుని. ఒకసారి నీలం కోటు వేసుకున్నాక ఆ రోజుకి మంచి కణాల మొహం చూడకూడదు. కణాల తిండికి వాడే మీడియం సీసాలు కూడా వేరువేరు. వైరస్ పనికి వాడే సీసాకి నీలం టేపు చుట్టి ఉంటుంది.

విడిచిన కోట్లు తీసుకెళ్లి ఉతికేదీ, మా గాజు సామానంతా కడిగేదీ సన్యాసమ్మ. బంగాలీ వాళ్ల నోట్లో ఆమె శొన్నాశీ అయింది. యాభై దాటిన మనిషి. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కోల్‌కతా ఓడరేవు డాకుల్లో పనికి వచ్చి వాట్‌గంజ్‌లో స్థిరపడ్డాడు. ఆమె పుట్టింది, పెళ్లాడింది, మనవల్ని ఎత్తింది అక్కడే. బంగాలీ, హిందీ గడగడా మాట్లాడేది. తెలుగు మాత్రం ఇంటి భాష, చదవడం రాదు. ల్యాబులో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. ఆమె అందరితోపాటు నన్నూ దిదీ అనేది, నేను ఊరి అలవాటు కొద్దీ అక్కా అనేదాన్ని. అలా ఇద్దరం ఒకరికొకరం అక్కలమై కూర్చున్నాం.

ఆమె కడిగిన ఫ్లాస్కుని వెలుతురుకి ఎత్తి చూస్తే గాజు ఉందా లేదా అన్నట్టుండేది. కుళాయి నీళ్లతో ఆరుసార్లు, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు. ఎవరైనా తొందరపెడితే వినేది కాదు. "సబ్బుంటే పురుగులు సచ్చిపోతాయి దిదీ" అని నాకే పాఠం చెప్పేది. కణాలని ఆమె పురుగులనే అనేది. నా ఎండుచేపల పిచ్చి తెలిసి, ఇంట్లో వండినరోజు చిన్న డబ్బాలో తెచ్చి, వాసనకి బంగాలీ వాళ్లే ముక్కు మూసుకుంటారని వాషింగ్ రూములో పెట్టి పిలిచేది. పరాయి ఊళ్లో తెలుగులో తిట్టుకుంటూ తినడంలో ఉన్న సుఖం నాకు ఆమె దగ్గరే తెలిసింది.

ఆ రోజు గురువారం. మధ్యాహ్నం మా పనిని సమీక్షించే బయటి కమిటీ ముందు నేను మాట్లాడాలి. అదేరోజు వైరస్‌ని కూడా తీసి దాచాలి, ఆలస్యమైతే బలం తగ్గుతుంది. మధ్యాహ్నం కుదరదు కనక పొద్దున్నే నీలం కోటు తగిలించుకుని ఆ పని ముగించాను. అక్కడితో ఆగితే గొడవే లేదు. కానీ మంచి కణాలకి కూడా ఆ రోజే మీడియం మార్చాలి. పైగా పాత నిల్వ అయిపోవచ్చిందని ఆ వారమే ఆ కణాల్ని కొత్తగా చిన్న గొట్టాల్లాంటి వయల్స్‌లో గడ్డకట్టించి లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులో దాచాల్సి ఉంది. రేపటికి వాయిదా వేస్తే ఆ క్రమమంతా తప్పుతుంది. హుడ్‌ని స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచాను. కోటు మార్చుకున్నాను. మంచి మీడియం సీసా చల్లగదిలో ఉంది, తెచ్చి వెచ్చబెట్టడానికి అరగంట పడుతుంది. నీలం టేపు సీసా చేతి పక్కనే ఉంది. సగం పైగా మిగిలి ఉంది. జాగ్రత్తగానే వాడాను కదా అనుకున్నాను. అందులోంచే పోశాను.

పదకొండుకి విడిచిన కోట్ల బుట్ట కోసం వచ్చిన సన్యాసమ్మ నీలం కోటు పైకెత్తి చూసింది. అది రోజూ సాయంత్రం గానీ పడదు. తెల్లకోటుతో హుడ్ ముందు కూర్చున్న నన్ను చూసింది.

"ఏటి దిదీ, ఇయ్యాల నీలం ముందొచ్చీసినాది? తిరగేసినావేటి?"

"మధ్యాహ్నం మీటింగుంది అక్కా. మంచిగనే తుడిచిన, ఏం కాదులే."

"ఏమో తల్లీ, మీ సదువులు మీకు తెలుస్తాయి" అని నవ్వి కోటు తీసుకెళ్లిపోయింది.

కమిటీ ముందు బాగా మాట్లాడాను. సర్ భుజం తట్టారు. మర్నాడు పన్నెండు వయల్స్ గడ్డకట్టించాను. వారం తిరిగేసరికి మంచి కణాల ఫ్లాస్కు నీరసించింది. పదో రోజుకి సగం కణాలు చచ్చిపోయాయి. బాక్టీరియా పడితే ఫ్లాస్కు మజ్జిగలా అవుతుంది. ఇదేమో తేటగానే ఉంది. నేను దాచిన వయల్ ఒకటి తీసి మళ్లీ పెంచాం. అదీ పోయింది. ఇంకొకటి తీశాం. అదీ అంతే. నాతో పనిచేసే సుపర్ణకి తన థీసిస్ పని ఆగిపోయింది, మొహం పాలిపోయి తిరిగేది. కిట్టు తయారు చేసేవాళ్లు సర్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు.

నాకు తెలియదా అని మీరు అడగొచ్చు. నీలం టేపు సీసా నాకు రోజూ గుర్తొస్తూనే ఉంది. గుర్తొచ్చిన ప్రతిసారీ, నేను అంత నిర్లక్ష్యంగా చేసే మనిషిని కాదులే అని సర్దిచెప్పుకున్నాను. మరేదో కారణం దొరకాలని లోపల మొక్కుకున్నాను. అది దొరికింది కూడా. స్టోరు వాళ్లు ఆ నెలే గాజు సామాను కడిగే సబ్బు మార్చారు. పాతది రావడం లేదని వేరే కంపెనీది పంపారు.

మంగళవారం గ్రూప్ మీటింగులో ఏమై ఉంటుందని సర్ అందర్నీ అడిగారు. "సబ్బు మిగిలి ఉంటుంది సర్. కొత్త డిటర్జెంట్. గ్లాస్‌వేర్ సరిగ్గా కడగడం లేదేమో" అన్నాను. ఎంత సులువుగా అన్నానో! సబ్బు కణాల్ని చంపుతుందన్నది నిజమే, అందరికీ తెలిసిందే. సుపర్ణ కూడా తలూపింది. సర్ సన్యాసమ్మని పిలిపించారు.

తడి చేతుల్ని చీర కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. సర్ మంచాయనే. అరవలేదు. సరిగ్గా కడిగావా, కొత్త సబ్బు అని కొంచెం తొందరపడ్డావా అని బంగాలీలో మెల్లిగానే అడిగారు. కుళాయి నీళ్లతో ఆరుసార్లు, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు, కొత్త సబ్బు నురగ ఎక్కువని ఇంకో రెండుసార్లు కలిపానని ఆమె బంగాలీలోనే చెప్పింది. మరి కణాలెందుకు చచ్చిపోతున్నాయి అని సర్ అడిగారు. ఆమె నా వైపు తిరిగింది. అప్పుడు తెలుగులో అంది.

"దిదీ, ఆ లచ్చివారం నీలం కోటు ముందొచ్చినాది. తెల్లకోటు తరవాతొచ్చినాది. నానడిగినాను గదా, మీటింగున్నాదన్నావు. నువ్వే సెప్పు దిదీ సర్‌కి."

గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. సర్ నన్ను చూసి అడిగారు. "కీ బోల్ఛే?"

ఏమంటోంది అని. అంతే ఆయన అడిగింది. నేను గుటక వేయను కూడా లేదు. ఇకనుంచి జాగ్రత్తగా కడుగుతానంటోంది సర్ అని బంగాలీలో చెప్పాను.

ఆమెకి బంగాలీ నాకంటే బాగా వచ్చని ఆ క్షణంలో నాకు గుర్తుంది. గుర్తుండే అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా చూసి ఉంటే ఎంత బాగుండేది! ఇంకేమైనా అంటానేమోనని ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటున్నట్టు తల దించాను. కాసేపటికి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వారం కాంట్రాక్టరు ఆమెని మా బిల్డింగు నుంచి తీసేసి హాస్టల్ బ్లాకులో మెట్లు తుడిచే పనికి వేశాడు. ల్యాబు సామాను పాడుచేసిందట అన్న మాట క్యాంటీన్ దాకా పాకింది.

ఆమె స్థానంలో కొత్త మనిషి వచ్చింది. పాత సబ్బు మళ్లీ తెప్పించారు. కణాలు మాత్రం చస్తూనే ఉన్నాయి. చివరికి సుపర్ణ ఒక వయల్ తీసి, గాజు జోలికే పోకుండా, వాడి పారేసే ప్లాస్టిక్ ఫ్లాస్కులో పెంచింది. ఆ ఫ్లాస్కుకి ఏ సబ్బూ తగల్లేదు. అందులోనూ చచ్చిపోయాయి.

ఆ రోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక ఆ ఫ్లాస్కులోంచి ఒక చుక్క తీసుకుని పక్క గదికి వెళ్లాను. మా వైరస్‌లలో నాది ఒక్కటే ప్రత్యేకం. సోకిందో లేదో తేలిగ్గా తెలియడానికి దాంట్లో అదనంగా ఒక పచ్చ ప్రోటీన్ కూడా పెట్టుకున్నాను. నీలి వెలుతురు వేసి మైక్రోస్కోపులో చూస్తే, అది సోకిన కణం పచ్చగా మెరుస్తుంది. సోకనిది నల్లగా ఉంటుంది. పది నిమిషాల పని. మొదటి ఫ్లాస్కు పోయిన రోజే చేయాల్సింది. నాకు తప్ప ఇంకెవరికీ ఆ ఆలోచన వచ్చే అవకాశం లేదు, నేనేమో రానివ్వలేదు. స్విచ్ వేసి కళ్లు పెట్టాను. వరిచేను మీద ఎండ పడ్డట్టు అంతా పచ్చదనమే. ఒక ఫొటో తీసి కంప్యూటర్లో దాచాను, ఎందుకు దాచానో అప్పుడు తెలియదు.

ఇక్కడైనా నోరు విప్పి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. నేను సర్ దగ్గరికి వెళ్లి, మన నిల్వ వయల్సే పాడయినట్టున్నాయి, కొత్త కణాలు తెప్పించుకుందాం అన్నాను. ఎందుకు పాడయ్యాయో చెప్పలేదు. ఆయన సరేనని బెంగళూరులో తెలిసిన ల్యాబు నుంచి తెప్పించారు. హుడ్ కూడా బాగయింది. కొత్త కణాలు చక్కగా పెరిగాయి, నెలన్నరలో మా ప్రోటీన్ వచ్చింది, కిట్టులో పనిచేసింది. ల్యాబులో రసగుల్లాలు పంచారు. అందరూ పాత గొడవ మరిచిపోయారు. నేనూ మరిచిపోదామనే చూశాను.

దుర్గాపూజ సెలవులు అయ్యాక ఒకరోజు పొద్దున హాస్టల్ బ్లాకులో ఉన్న గెస్టు గదికి వెళ్లాల్సి వచ్చింది. రెండో అంతస్తు మెట్ల మీద సన్యాసమ్మ గుడ్డ పిండుతోంది. నన్ను చూసి బకెట్ పక్కకి జరిపింది.

"జాగర్త మేడమ్, తడిగున్నాది."

మేడమ్ అంది. అక్కడికక్కడే దిగి పారిపోవాలనిపించింది. ఎట్లున్నవ్ అక్కా అన్నాను, నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

"బాగున్నాను మేడమ్. ఆ పురుగులు బతికినాయా?"

"కొత్తవి తెప్పించినం. మంచిగున్నయ్."

"పోన్లెండి." ఆమె గుడ్డ మళ్లీ పిండింది, పిండడానికి నీళ్లేం మిగల్లేదు. "మేడమ్, ఒక మాటడగనా? నాను బాగానే కడిగినాననుకున్నాను. నీలం కోటు సంగతి నాను నా కల్లతోటి సూసినాను. కానీ అందరూ అలాగంటంటే ఇప్పుడు నాకే అనుమానంగున్నాది. ఇంట్లో గ్లాసు కడిగినా రెండుమాట్లు వాసన సూస్తన్నాను. నిజం సెప్పండి. నా సేతివల్లే సచ్చినాయేటి?"

కాదక్కా, కాదు అని గొణిగి, పని ఉందని చెప్పి పైకి వెళ్లిపోయాను. గెస్టు గది తలుపు వేసుకుని ఏడ్చాను. ఆమె ల్యాబు పని పోగొట్టానని అప్పటిదాకా లోపల గుచ్చుకునేది. ఆమె చేతుల మీద ఆమెకున్న నమ్మకాన్ని కూడా లాగేసుకున్నానని అప్పుడే తెలిసింది. ఆ చేతుల మీద మా ల్యాబు అన్నేళ్లు నడిచింది.

ఆ ఆదివారం వాట్‌గంజ్ వెళ్లాను. డాక్ గోడ పక్క సందులో, అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. ఒకటే గది. గోడ వారగా గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, ఒక్కదాని మీద మరక లేదు. ఆమె నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మంచం మీద కూర్చోబెట్టి టీ పెట్టింది. నేను గ్లాసు పట్టుకునే అంతా చెప్పాను. నీలం టేపు సీసా, పచ్చగా మెరిసిన కణాలు, కొత్తవి తెప్పించి ఊరుకోవడం. సర్ ముందు నేనన్న అబద్ధం కూడా. తప్పయిపోయింది అక్కా, నన్ను క్షమించు అన్నాను. కాళ్లు పట్టుకోబోయాను, ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది.

"అయితే నా సేతివల్ల కాదు."

"కాదక్కా."

ఆమె రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. సబ్బునీళ్లకి తెల్లగా పగిలిన వేళ్లు. బయట ఎవరో హిందీలో చేపల బేరం ఆడుతున్నారు.

"ఆనాడు నాను తెలుగులో ఎందుకు సెప్పినాను తెలుసా?" అంది చివరికి. "నాకు బంగాలీ రాకేటి? ఈ ఊల్లోనే పుట్టినాను. అందరి ముందర నీ పరువు పోకూడదని. నీ నోటితో నువ్వే సెప్పుకుంటావనుకున్నాను."

నేను తల వంచుకున్నాను.

"ఇప్పుడు నా ఇంటికొచ్చి నువ్వూ తెలుగులోనే సెప్తన్నావు. ఇక్కడ ఎవుడింటాడు? నాను తెలుగులో సెప్పినాదీ నీకోసమే, నువ్వు తెలుగులో సెప్తన్నాదీ నీకోసమే. నాకేటొచ్చింది? ఏ గదిలో నా మీద ఏసినారో ఆ గదిలో, ఆలందరి ముందర, ఆలకర్తమయ్యేలాగ సెప్పు. నానూ వస్తాను. ఇను, ఏడవకు. టీ సల్లారిపోతన్నాది, తాగు."

ఆ మంగళవారం మీటింగుకి సర్‌ని అడిగి ఆమెని పిలిపించాను. హాస్టల్ యూనిఫారంలో వచ్చి, వెనకటిలాగే గుమ్మం దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను తెర మీద ఆ పచ్చ ఫొటో వేశాను. నా బంగాలీ వచ్చీరానిది, తడబడుతూనే మొదలుపెట్టాను. ఇది నా వైరస్, ప్లాస్టిక్ ఫ్లాస్కులోకి, అంతకుముందు గాజు ఫ్లాస్కుల్లోకి, వయల్స్‌లోకి ఇది చేరింది నా వల్ల, ఆ గురువారం వరస తిప్పేశాను, శొన్నాశీ అది గమనించింది కూడా, వైరస్ మీడియం సీసానే మంచి కణాలకి వాడాను. ఈ ఫొటో తీసి రెండు నెలల పైన అయింది, దాచిపెట్టాను. గాజు సామానులో ఏ లోపమూ లేదు, శొన్నాశీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఇవన్నీ చెప్పాను. సుపర్ణ పెన్ను కింద పెట్టేసింది. తన మూడు నెలల పని పోయింది నా వల్లే. సర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

చెప్పడం అయిపోయింది. ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. ఎంత ధైర్యంగా చెప్పాను అని నాకు నేనే లోపల శభాష్ అనుకున్నాను కూడా.

సర్ గుమ్మం వైపు తిరిగి ఆమెని అడిగారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. ఇదంతా నీకు తెలిసుంటే అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు.

"బొలేఛిలామ్ తో" అంది సన్యాసమ్మ.

చెప్పాను కదా, అని. గట్టిగా అనలేదు, దెప్పుతున్నట్టూ అనలేదు. అని, నా వైపు చూసింది. ఆనాడు చూసినట్టే, ఇంకేమైనా అంటానేమోనని.

అప్పటిగ్గానీ నాకు తట్టలేదు. నేను సీసా గురించి చెప్పాను, వైరస్ గురించి చెప్పాను, ఫొటో దాచడం గురించి చెప్పాను. ఆమె ఇంట్లో నేను తెలుగులో ఒప్పుకున్న ఆ అబద్ధాన్ని మాత్రం ఈ గదిలో వదిలేశాను. కావాలని వదిలానో, నాలుక తనంతట తానే పక్కకి తప్పుకుందో ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను.

సర్ ఆమెని చూశారు. నన్ను చూశారు. నాలుగు నెలల కిందటి ప్రశ్నే మళ్లీ అడిగారు.

"కీ బొలేఛిలో?" ఏం చెప్పింది?

ఈసారి అనువాదం చేశాను. ఒక్కో వాక్యం, ఆమె అన్న వరసలోనే, బంగాలీలో. ఆ గురువారం నీలం కోటు ముందు వచ్చింది. తెల్లకోటు తర్వాత వచ్చింది. నేను అడిగాను కదా, మీటింగుందన్నావు. చివరి వాక్యం దగ్గర ఆగి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. నువ్వే చెప్పు దిదీ సర్‌కి, అని ఆమె అంది, సర్. నేను మీకు వేరేగా చెప్పాను.

సన్యాసమ్మ ఒకసారి తలూపి, కొంగు సర్దుకుని, మెట్ల పని మిగిలి ఉందని చెప్పి వెళ్లిపోయింది.

సర్ నన్ను ఒక్క మాట అనలేదు. జరిగింది జరిగినట్టు ల్యాబు రికార్డులో నా చేతే రాయించి సంతకం పెట్టించారు. నా బాధ్యతల నుంచి నన్ను ఒక ఏడాది పక్కన పెట్టారు, అది న్యాయమే. సుపర్ణ నాతో మామూలుగా మాట్లాడడానికి ఆ చలికాలం మొత్తం పట్టింది. సన్యాసమ్మని వాషింగ్ రూముకి తిరిగి తీసుకోమని సర్ కాంట్రాక్టరుతో తానే మాట్లాడారు. జనవరిలో వచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను హుడ్ గురించి, కోట్ల గురించి, నీలం టేపు గురించి చెబుతాను. ఫ్లాస్కు పోతే ముందు నీ చేతుల్ని అనుమానించు, ఆ తర్వాతే కడిగిన చేతుల్ని అని చెబుతాను. కడిగే మనిషిని కూడా మీటింగులో కూర్చోబెట్టి, అందరికీ తెలిసిన భాషలో అడగమంటాను. ఇవన్నీ ఆ వానాకాలం నేర్పినవే. వాళ్లు బుద్ధిగా రాసుకుంటారు.

సన్యాసమ్మ ఇప్పటికీ మా ల్యాబులోనే ఉంది. ఫ్లాస్కులు మునుపటిలాగే గాజు ఉందా లేదా అన్నట్టు మెరుస్తాయి. నేను పలకరిస్తే మర్యాదగా బదులిస్తుంది, కోట్ల గురించి, సబ్బు గురించి, సెలవు గురించి ఏం కావాలన్నా వచ్చి అడుగుతుంది. నేను తెలుగులో మాట్లాడతాను. ఆమె బంగాలీలో జవాబు చెబుతుంది.